వెతికి వినేవారి వేదిక: బ్యాండ్‌క్యాంప్ సమీక్ష

ఈ రోజుల్లో పాటలకు కొరత లేదు. నెలకు ఇంతని చందా కడితే కోట్ల పాటలు ఫోనులోకి వచ్చేస్తాయి. అయినా సంగీతం మీద నిజమైన మక్కువ ఉన్నవారు కూడా ఏళ్ల తరబడి అవే పాతిక ముప్పై గొంతుల చుట్టూ తిరుగుతూ ఉండడం చూస్తూనే ఉన్నాం. ఇందులో శ్రోత తప్పేమీ లేదు. స్ట్రీమింగ్ సేవలు నిన్న విన్నదాన్ని బట్టి ఈరోజు వినవలసినదాన్ని ముందుకు తెస్తాయి కాబట్టి, ఒకసారి ఒక దారిలో పడ్డాక ఆ దారి నునుపు తేలుతుందే తప్ప పక్కకు మళ్లదు. ఆ లెక్కన సహారా అంచున ఒక పల్లెలో గిటారు వాయించే యువతి గాని, మంగోలియా దీర్ఘగానాన్ని జాజ్‌తో కలిపి పాడే గాయని గాని మన చెవిన పడే అవకాశం చాలా తక్కువ. వారి పాటలు ఆ కోట్లలో ఉండనే ఉంటాయి, కాని ఉన్నట్టు మనకు చెప్పేవారు ఉండరు. ఇలా చెప్పే పనిని శ్రద్ధగా చేస్తున్న సేవల్లో నేను ఎక్కువగా ఆధారపడేది బ్యాండ్‌క్యాంప్ మీద. మనకు పరిచయం లేని భాషల్లో, బాణీల్లో ఇప్పుడు పాడుతూ, వాయిస్తూ ఉన్న సంగీతకారులను కనిపెట్టడానికి అది ఎంతవరకు పనికొస్తుందన్న ఒక్క కొలతతోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పనికి బ్యాండ్‌క్యాంప్‌ను మించినది నాకు ఇంతవరకు కనిపించలేదు. అయితే అది శ్రోత నుంచి కొంత శ్రమను కోరుతుంది. నేపథ్యంలో ఏదో ఒకటి మోగుతూ ఉంటే చాలనుకునేవారికి అది నచ్చదు.

2008లో మొదలైన ఈ అమెరికా సంస్థ ప్రాథమికంగా ఒక అంగడి. సంగీతకారుడో, అతని రికార్డులను విడుదల చేసే లేబులో తమ పేజీని తామే తెరుచుకుని, ఆల్బమ్‌లను తామే పెట్టుకుని, వెలను తామే నిర్ణయించుకుంటారు. కొందరు వెలను శ్రోతకే వదిలేస్తారు. డిజిటల్ అమ్మకాల మీద సంస్థ 15 శాతం, రికార్డులు, క్యాసెట్లు, చొక్కాల వంటి వస్తువుల మీద 10 శాతం తీసుకుంటుంది. చెల్లింపుల ఖర్చు పోగా మిగిలినదంతా పాట చేసినవారికి చేరుతుంది. కొన్న పాటను మామూలు ఎంపీ3గానే కాక, నాణ్యత ఏమాత్రం తగ్గని ఫ్లాక్ వంటి రూపాల్లో కూడా దించుకుని శాశ్వతంగా దాచుకోవచ్చు. ఈ వ్యాపార వివరాలకూ కొత్త సంగీతాన్ని కనిపెట్టడానికీ సంబంధమేమిటని అనిపించవచ్చు. సంబంధం ఉంది. ఒక్కసారి పాట మోగినందుకు వచ్చే చిల్లర మీద బతకలేని చిన్న కళాకారులు, వంద మంది నికరమైన శ్రోతలు దొరికితే చాలనుకునేవారు ఇక్కడ చేరుతారు. అందుకే మరెక్కడా పట్టించుకోని సంగీతం ఇక్కడ పోగుపడింది.

ఇక ఒక ఆల్బమ్ పేజీ ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ముఖచిత్రం, పాటల జాబితా, వినడానికి ఒక మీట ఎక్కడైనా ఉండేవే. ఇక్కడి అసలు సంపద వాటికి దిగువన ఉంటుంది. ముందుగా, ఆ ఆల్బమ్‌ను ఎవరు ఎక్కడ రికార్డు చేశారో, ఎవరు ఏ వాద్యం వాయించారో కళాకారుడో లేబులో రాసిన వివరణ కనిపిస్తుంది. దాని కింద ట్యాగులుంటాయి. అవి యంత్రం తగిలించినవి కావు, పాట పెట్టినవారే ఎంచుకున్నవి. ప్రక్రియ పేరు, వాద్యం పేరు, ఊరి పేరు, ఏదైనా కావచ్చు. ఒక ట్యాగు నొక్కితే అదే ట్యాగు పెట్టుకున్న ఆల్బమ్‌లన్నీ వరుసగా వస్తాయి. వాటిని బాగా అమ్ముడుపోతున్న క్రమంలోనో, కొత్తవి ముందు వచ్చే క్రమంలోనో చూసుకోవచ్చు. ఊరి పేరున్న ట్యాగుతో వెళ్లడం నాకు మరీ ఇష్టం. ఒకే నగరంలో ఒకే కాలంలో మెటల్ వాయించేవారు, భక్తిగీతాలు పాడేవారు, కంప్యూటర్‌తో నాట్యసంగీతం చేసేవారు ఒకే పేజీలో పక్కపక్కన కనిపిస్తారు. ఆ నగరపు సంగీతం ఏ ఒక్క రకానికీ చెందదని అప్పుడు కంటికి కనబడుతుంది.

ట్యాగుల కంటే నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఆల్బమ్‌ను కొన్నవారి చిన్న చిన్న బొమ్మల వరుసకు. ప్రతి శ్రోతకూ తాను కొన్నవన్నీ కనిపించే ఒక బహిరంగ పేజీ ఉంటుంది. ఆల్బమ్ కొన్నప్పుడు తనకు నచ్చిన పాట ఏదో గుర్తు పెట్టి, రెండు మూడు వాక్యాలు రాసే వీలుంటుంది. మీకు బాగా నచ్చిన, ఎక్కువమందికి తెలియని ఒక ఆల్బమ్ పేజీకి వెళ్లి, దాన్ని కొన్నవారిలో ఒకరి బొమ్మ నొక్కండి. ఆ మనిషి ఏళ్లుగా డబ్బు పెట్టి కూడబెట్టుకున్న అభిరుచి అంతా మీ ముందు పరుచుకుంటుంది. అందులో మీకు తెలిసినవి రెండు ఉంటే తెలియనివి రెండు వందలు ఉంటాయి. యంత్రం చేసే సిఫారసు మీరు విన్నదానికి దగ్గరగా ఉన్నదాన్నే వెతుకుతుంది. మనిషి అభిరుచి అలా ఒక గీత మీద నడవదు. ఇథియోపియా ఆర్గాన్ సంగీతాన్ని ప్రేమించే వ్యక్తి నార్వే చర్చి గాయకబృందాన్ని కూడా ప్రేమించవచ్చు. ఆ రెంటినీ కలిపే దారి అతని మనసులో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ దారిలో మనల్నీ నడవనివ్వడం ఈ సేవ చేసిన గొప్ప పని.

లేబుళ్ల పేజీలు మూడో దారి. ఇక్కడ ఒక ఉదాహరణను కాస్త వివరంగా చెప్పాలి. నైజర్ దేశంలో సహారా ఎడారి జాతి అయిన టువారెగ్‌లకు చెందిన గిటారిస్టు ఎమ్దూ మొక్తార్ పేరు ఇప్పుడు రాక్ సంగీతం వినేవారిలో చాలామందికి తెలుసు. ఎడమచేతి వాటం కలిగిన ఈయన తన మొదటి గిటారును సైకిలు తీగలతో తానే తయారుచేసుకున్నాడు. 2008లో రికార్డు చేసిన ఆయన తొలి ఆల్బమ్ కంపెనీల ద్వారా కాక, ఫోన్ల మెమరీ కార్డుల ద్వారా సహారా అంతటా పాకింది. ఇంటర్నెట్ లేని ఆ ఊళ్లలో ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు బ్లూటూత్‌తో పాటలు పంచుకోవడమే పంపిణీ వ్యవస్థ. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నుంచి నడిచే సహెల్ సౌండ్స్ అనే లేబుల్ ఆ మెమరీ కార్డుల్లోని పాటలను సేకరించి, వాటిని పాడినవారెవరో వెతికి పట్టుకుని, ఒక సంకలనంగా తెచ్చింది. మొక్తార్ పాట అందులో ఒకటి. తర్వాత ఆయన పెద్ద లేబుల్‌కు మారి, 2021లోనూ 2024లోనూ తెచ్చిన ఆల్బమ్‌లతో ప్రపంచమంతా తిరిగాడు. 2023 జూలైలో నైజర్‌లో సైనిక తిరుగుబాటు జరిగినప్పుడు బృందం అమెరికా పర్యటనలో ఉండి ఇంటికి వెళ్లలేకపోయింది. ఆ సమయంలోనే, విద్యుత్ గిటార్ల హోరుతో నిండిన ఆ 2024 ఆల్బమ్ పాటలను అకూస్టిక్ వాద్యాలతో మళ్లీ రికార్డు చేశారు. ఆ రూపం 2025లో విడుదలైంది. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి వినండి. మొదటిదానిలో కోపంగా వినిపించినది రెండోదానిలో దుఃఖంగా వినిపిస్తుంది, స్వరాలు మాత్రం అవే.

మొక్తార్ నుంచి సహెల్ సౌండ్స్ పేజీకి వెళితే అక్కడ లే ఫీయ్ ద ఇల్లిఘదాద్ అనే బృందం కనిపిస్తుంది. ఇల్లిఘదాద్ నైజర్‌లో ఒక మారుమూల పల్లె. ఆ బృందాన్ని నడిపించే ఫాతూ సైదీ ఘాలీ, గిటారు మగవారి వాద్యంగా చలామణి అవుతున్న టువారెగ్ సమాజంలో దాన్ని చేతపట్టిన తొలి మహిళల్లో ఒకరు. వారి సంగీతానికి ఆధారం తెండే. ధాన్యం దంచే రోలు మీద మేకతోలు బిగించి కట్టి, ఆడవారంతా చుట్టూ చేరి, చప్పట్లతో, బృందగానంతో వాయించే వాద్యం అది. ఆ వాద్యం పేరే ఆ గానప్రక్రియకూ పేరు. టువారెగ్ గిటారు సంగీతానికి మూలాల్లో ఒకటి ఈ ఆడవారి తెండే పాటే. ఘాలీ చేసినది ఏమిటంటే, మగవారు గిటారు మీదికి తీసుకెళ్లిన ఆ లయను తిరిగి రోలు దగ్గరికి తెచ్చి, రెంటినీ ఒకే పాటలో కూర్చోబెట్టడం. 2017లో వచ్చిన వారి ఆల్బమ్‌ను ఎవరైనా మొదటిసారి వింటే అన్ని పాటలూ ఒకేలా ఉన్నాయనిపించవచ్చు. కొంత ఓపిక పట్టి, గొంతుల మీద నుంచి చెవిని లయ మీదికి మళ్లిస్తే, ఒకే చట్రంలో ఎన్ని చిన్న మార్పులు జరుగుతున్నాయో వినిపిస్తుంది. ఒక ప్రసిద్ధుడి పేజీ నుంచి రెండే అడుగుల్లో ఇక్కడికి చేరగలగడం లేబుల్ పేజీల బలం. ఒక లేబుల్ నడిపేవారి చెవి మీద మీకు నమ్మకం కుదిరిందంటే, ఆ పేజీలో పేరు తెలియని ఆల్బమ్‌ను కూడా ధైర్యంగా తెరవవచ్చు.

అలా నమ్మదగిన ఇంకో లేబుల్ ఆసమ్ టేప్స్ ఫ్రమ్ ఆఫ్రికా. ఇది పాత క్యాసెట్లను వెతికి తెస్తుంది కాబట్టి సమకాలీన సంగీతం కోసం వెతికేవారు దీన్ని దాటేసే ప్రమాదం ఉంది. హైలు మెర్గియా కథ చూస్తే అలా దాటేయరు. ఇథియోపియాలో పేరున్న వాలియాస్ బ్యాండ్‌లో కీబోర్డు వాయించిన మెర్గియా, 1980ల ఆరంభంలో అమెరికా పర్యటనకు వచ్చి అక్కడే ఉండిపోయి, వాషింగ్టన్ ప్రాంతంలో టాక్సీ నడుపుతూ బతికారు. బేరానికీ బేరానికీ మధ్య డిక్కీలోంచి కీబోర్డు తీసి సాధన చేసుకునేవారు. 1985లో ఆయన అకార్డియన్, సింథసైజర్, డ్రమ్ యంత్రంతో ఒంటరిగా చేసిన క్యాసెట్‌ను ఈ లేబుల్ 2013లో తిరిగి విడుదల చేసింది. అప్పుడు పుట్టుకొచ్చిన శ్రోతల బలంతో ఆయన మళ్లీ వేదిక ఎక్కి, 2018లో, 2020లో సరికొత్త ఆల్బమ్‌లు చేశారు. ఇక్కడ పునర్విడుదల ఒక సంగీతకారుడిని వర్తమానంలోకి తెచ్చి నిలబెట్టింది. ఇథియోపియా సంగీతంలోని పంచస్వర పద్ధతి, దాటు స్వరాలతో కూడిన ఆ ఎగుడుదిగుడు నడక మోహన, హిందోళ రాగాలకు అలవాటుపడిన చెవికి పూర్తిగా పరాయిగా వినిపించదు. కొత్త ప్రాంతాల సంగీతంలోకి అడుగుపెట్టాలనుకునేవారికి ఇది మంచి గుమ్మం అని నా నమ్మకం.

అంత సులువుగా తలుపు తెరవని సంగీతమూ ఉంది. ఉగాండా రాజధాని కంపాలా నుంచి నడిచే న్యెగె న్యెగె టేప్స్ అనే లేబుల్ 2017లో సింగెలి సంగీతపు సంకలనం ఒకటి తెచ్చింది. టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ పేటల్లో పుట్టిన ఈ బాణీ వేగం నిమిషానికి 200 దెబ్బలు దాటుతుంది, కొన్నిచోట్ల 300 దాకా పోతుంది. పాత పాటల ముక్కలను కంప్యూటర్‌లో వేగం పెంచి చక్రంలా తిప్పుతూ ఉంటే, దాని మీద స్వాహిలిలో ఊపిరి తీసుకోకుండా మాటలు కురిపిస్తారు. మొదటి పాట పూర్తికాకముందే చాలామంది ఆపేస్తారు. ఇదే లేబుల్ తెచ్చిన ఓటిమ్ ఆల్ఫా సంగీతం కొంత నయం. ఉత్తర ఉగాండాలోని అచోలీ తెగవారి పెళ్లి పాటలను ఆయన, ఒక నిర్మాతతో కలిసి, కంప్యూటర్ మీదికి ఎక్కించారు. పెళ్లికి పెద్ద వాద్యబృందాన్ని పిలిపించే స్తోమత అందరికీ లేకపోవడం ఆ ప్రయోగానికి దారితీసిన కారణాల్లో ఒకటి. ఇలాంటి నేపథ్యం తెలియకుండా వింటే ఇదంతా వట్టి రణగొణధ్వనిలా వినిపించవచ్చు. తెలిసి వింటే, పదిమంది వాయించే తాళాన్ని ఒక్క యంత్రం చేత పలికించడానికి పడిన తాపత్రయం అందులో వినబడుతుంది.

ఈ నేపథ్యాన్ని అందించేది 2016లో ప్రారంభమైన బ్యాండ్‌క్యాంప్ డైలీ. సంస్థ సొంత సంపాదకవర్గం నడిపే ఈ పత్రికలో దాదాపు ప్రతిరోజూ ఒక ఆల్బమ్ పరిచయం, నెలనెలా ప్రక్రియల వారీగా ఎంపికలు, ఒక నగరానిదో ఒక చిన్న సమూహానిదో సంగీతాన్ని పరిచయం చేసే పెద్ద వ్యాసాలు వస్తాయి. వ్యాసం మధ్యలోనే పాట వినే ఏర్పాటు ఉండడం చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, చదివిన వాక్యాన్ని వెంటనే చెవితో సరిచూసుకోగలగడం పాఠకుడికి ఎంతో మేలు. అంగడి నడిపేవారే సమీక్షలు కూడా రాయిస్తే అమ్ముకునే ధోరణి చొరబడదా అన్న సందేహం న్యాయమైనదే. ఇవి నిజంగా సమీక్షల కంటే పరిచయాలే. బాగోలేదని చెప్పే వ్యాసం దాదాపుగా కనిపించదు. పరిచయాలుగా మాత్రం వీటి నాణ్యత చాలా ఎక్కువ. ముఖ్యంగా సమకాలీన శాస్త్రీయ సంగీతం, జాజ్ మీద వచ్చే నెలవారీ ఎంపికలు ఆ రంగాలను ఏళ్లుగా వింటున్నవారు రాసినవని రెండు పేరాలు చదవగానే అర్థమవుతుంది.

గొంతు మీద ప్రత్యేకమైన ఆసక్తి ఉన్న శ్రోతకు ఈ వేదిక పెద్ద నిధి. రాగాలాపనకు అలవాటుపడినవారు అరూజ్ అఫ్తాబ్‌తో మొదలుపెట్టవచ్చు. పాకిస్తాన్ మూలాలు గల ఈ న్యూయార్క్ గాయని గజళ్లను, ఉర్దూ కవిత్వాన్ని తబలా, హార్మోనియం తీసేసి హార్ప్, గిటారు, డబుల్ బాస్ మధ్య దాదాపు నిశ్శబ్దంలో నిలబెట్టింది. 2021లో ఒక చిన్న లాభాపేక్ష లేని లేబుల్ విడుదల చేసిన ఆమె ఆల్బమ్‌లోని పాటకు మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. ఆ పురస్కారం అందుకున్న తొలి పాకిస్తానీ ఆమె. తమిళనాడులో పెరిగి, కథాగానంలో, కర్ణాటక సంగీతంలో తర్ఫీదు పొందిన గానవ్య 2024లో రెండు ఆల్బమ్‌లు తెచ్చింది. మొదటిదాన్ని లండన్ జాజ్ కళాకారుడు షబాకా హచింగ్స్ నడిపే లేబుల్ విడుదల చేసింది. అలా జాజ్ వినేవారికి కూడా ఆమెను వినే దారి దొరికింది. ఆమె గానంలో గమకం ప్రదర్శన కోసం రాదు. ఒక స్వరాన్ని పట్టుకుని, అది తనంతట తాను కదిలేదాకా ఆగుతుంది. మ్యూనిక్‌లో స్థిరపడిన మంగోలియా గాయని ఎంజీ ఇంకో దిశ నుంచి ఇలాంటి చోటికే చేరింది. మంగోలియా దీర్ఘగానంలో కొద్దిపాటి మాటలను అచ్చుల మీద చాలాసేపు సాగదీస్తూ పాడతారు. ఆమె ఆ సాగదీతను చిన్న జాజ్ బృందంతో కలిపి ఎక్కువగా మంగోలియా భాషలోనే పాడుతుంది.

వీరి సౌమ్యతకు పూర్తిగా ఎదురుగా నిలిచే గొంతు కెనడా ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్‌లకు చెందిన గాయని తాన్యా తగాక్‌ది. ఇన్యూట్ కంఠగానం సంప్రదాయంగా ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలబడి, ఒకరి శ్వాసకు ఇంకొకరు బదులిస్తూ ఆడే ఆటలాంటిది. ఆ రెండు పాత్రలనూ తానొక్కతే మోస్తూ, గురగురలు, ఎగశ్వాసలు, కేకలతో ఆమె చేసిన ఆల్బమ్‌కు 2014లో కెనడాలోని పోలారిస్ పురస్కారం దక్కింది. ఆమెను రాత్రిపూట ఇయర్‌ఫోన్లతో మొదటిసారి వినవద్దని నా సలహా. పగలు, స్పీకర్ల మీద, చేతిలో వేరే పని లేనప్పుడు వినండి. మాటే లేని సంగీతం కావాలనుకునేవారికి కొరియాకు చెందిన పార్క్ జిహా ఉంది. నాదస్వరంలా జంట రెల్లు పీకతో ఊదే పిరి, వెదురు గొట్టాల నోటి ఆర్గాన్ అయిన సెంగ్‌హ్వాంగ్, సంతూర్‌కు దగ్గరి చుట్టమైన యాంగ్గమ్‌లతో ఆమె కూర్చే సంగీతం ఎక్కడా తొందరపడదు. సంప్రదాయ వాద్యాలకు ఆధునిక తాళాలు జోడించి మమ అనిపించే పద్ధతి చాలాచోట్ల చూస్తాం. ఆమె ఆ పని చేయలేదు, ఆ వాద్యాలకే కొత్త రచనలు చేసింది.

ఇక లోపాలు. వీటిలో నన్ను బాగా బాధించేది వర్గీకరణ. కళాకారుడు ఆల్బమ్ పెట్టేటప్పుడు ఒక నిర్ణీత జాబితా నుంచి ఒక ప్రధాన వర్గాన్ని ఎంచుకోవాలి. ఆ జాబితాలో రాక్, మెటల్, పంక్, ఆల్టర్నేటివ్‌లకు విడివిడిగా గదులున్నాయి గాని, మాలి, మంగోలియా, కొరియా, ఆంధ్ర, అండలూసియా సంప్రదాయాలన్నీ వరల్డ్ అనే ఒకే గదిలో ఇరుక్కోవలసి వస్తుంది. వందల ఏళ్ల వేర్వేరు శాస్త్రాలున్న సంగీతాలను ఒక్క పేరు కింద కట్టడం, ఇంత వైవిధ్యానికి చోటిచ్చిన సేవకు తగని పని. కళాకారులు సొంత ట్యాగులతో ఈ లోటును కొంత పూడ్చుకుంటున్నారు. కాని ట్యాగులు ఎవరికి తోచినట్టు వారు పెట్టుకునేవి కావడంతో ఒకే ప్రక్రియ మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో చెల్లాచెదురుగా ఉంటుంది, ఇంట్లో కీబోర్డుతో చేసిన ధ్యానసంగీతం కూడా రాగం అన్న ట్యాగుతో వచ్చి పడుతుంది. అందుకే ట్యాగు ఒక్కదాన్నే నమ్ముకుని వెతకవద్దు. ట్యాగుతో మొదలై, కొన్నవారి పేజీల మీదుగా, లేబుల్ దాకా వెళితేనే వెతుకులాట ఫలిస్తుంది.

భాష కూడా ఒక సమస్యే. సేవ ప్రధానంగా ఆంగ్లంలో నడుస్తుంది, డైలీ వ్యాసాలూ ఆంగ్లంలోనే. పాటల సాహిత్యం పెట్టే వీలున్నా అనువాదం ఇవ్వడం కళాకారుడి ఓపిక మీద ఆధారపడుతుంది. మొక్తార్ టువారెగ్‌ల తమాషెక్ భాషలో వలసపాలన గురించి, తన జాతి మీద జరిగిన అన్యాయం గురించి పాడుతున్నాడని తెలియకుండా కేవలం గిటారు విని సంతోషించే శ్రోతలు ఎందరో. సంగీతానికి భాష అడ్డుకాదని అందరూ అంటారు. కవి రాసిన మాట శ్రోతకు అందకపోతే పోయేది పోతూనే ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మూడో లోపం కొంత లోతైనది. కళాకారులకు డబ్బు చేరే ఏర్పాటు ఎక్కువగా పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సేవ మీద ఆధారపడి ఉంది. ఆ సేవ సరిగా పనిచేయని దేశాల్లో ఉన్న సంగీతకారులు సొంతంగా పేజీ నడుపుకోవడం కష్టం కాబట్టి, బయటి దేశపు లేబుల్ చేయి పట్టుకుని రావలసి ఉంటుంది. నేను పైన మెచ్చుకున్న లేబుళ్లు మంచి పనే చేస్తున్నాయి. ఆసమ్ టేప్స్ లాభాలను కళాకారులతో సగం సగం పంచుకుంటుంది. అయినా సహారాలో ఏది వినదగినదో నిర్ణయించే చెవి పోర్ట్‌లాండ్‌లో ఉందన్న సంగతిని శ్రోత గుర్తుంచుకోవాలి. ఆ ప్రాంతపు శ్రోతలు తమలో తాము ఇష్టపడి వినే సంగీతం, బయటివారికి నచ్చుతుందని ఎంపికైన సంగీతం ఎప్పుడూ ఒకటి కావు.

మిగిలినవి చిన్నవి. ప్రసిద్ధ చిత్రగీతాల కోసం, అగ్రశ్రేణి పాప్ తారల కోసం ఇక్కడికి రావడం దండగ. కొనని పాటలను కొన్నిసార్లు విన్నాక కొనమని అడుగుతుంది, అది న్యాయమే.

యాజమాన్యం సంగతి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. స్వతంత్ర సంస్థగా ఉన్న బ్యాండ్‌క్యాంప్‌ను 2022 మార్చిలో వీడియో గేముల సంస్థ ఎపిక్ గేమ్స్ కొన్నది. ఏడాదిన్నర తిరిగేసరికి దాన్ని సంగీత లైసెన్సింగ్ వ్యాపారం చేసే సాంగ్‌ట్రేడర్‌కు అమ్మేసింది, ఆ చేతి మార్పులో దాదాపు సగం మంది ఉద్యోగులు పని కోల్పోయారు. డైలీ వ్యాసాల వెనుక ఉన్నది మనుషుల చెవులు, మనుషుల జీతాలు అని ఎరిగినవారికి అది గుండె జారిన వార్త. వ్యాసాలు ఆగలేదు, అంగడి మూతపడలేదు. 2026 జనవరిలో, పూర్తిగా గాని, చాలా భాగం గాని కృత్రిమ మేధతో తయారైన సంగీతానికి ఇక్కడ చోటు లేదని సంస్థ ప్రకటించింది. పేరూ ఊరూ లేని యంత్రగీతాలు మిగతా చోట్ల కుప్పలుగా పేరుకుంటున్న సమయంలో ఇది నాకు కొండంత ఊరటనిచ్చింది. కొత్త గాయకులను వెతికేవారికి ముందుగా కావలసిన భరోసా, ఆ పేరు వెనుక ఒక మనిషి ఉన్నాడన్నదే. అయినా ఇంత తక్కువ కాలంలో రెండు చేతులు మారిన సంస్థ ఇంకో చేతికి పోదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కనుక కొన్న ప్రతి ఆల్బమ్‌నూ వెంటనే దించుకుని, సొంత డిస్కులో ఒక ప్రతి ఉంచుకోండి. అద్దెకు వినే సేవల్లో లేని ఈ సౌకర్యాన్ని వాడుకోకపోవడం తెలివైన పని కాదు.

కొత్తగా చేరేవారు మొదట చందాలూ కొనుగోళ్లూ పెట్టుకోనక్కర్లేదు. ఖాతా తెరిచి, నచ్చినవాటిని విష్‌లిస్టులో వేసుకుంటూ, నమ్మకం కుదిరిన ఇద్దరు ముగ్గురు శ్రోతలనూ ఒకటి రెండు లేబుళ్లనూ అనుసరించడం మొదలుపెడితే చాలు. వారు కొత్తగా కొన్నవి, విడుదల చేసినవి మీ దగ్గరికి వస్తూ ఉంటాయి. ఆ జాబితా కొంత పెరిగాక, కొనడానికి బ్యాండ్‌క్యాంప్ శుక్రవారం దాకా ఆగండి. కరోనా వల్ల కచేరీలు ఆగిపోయినప్పుడు 2020 మార్చి 20న మొదలైన ఈ పద్ధతిలో, ఎంపిక చేసిన కొన్ని శుక్రవారాల్లో సంస్థ తన వాటాను వదులుకుంటుంది. ఆ మొదటి రోజున శ్రోతలు 43 లక్షల డాలర్ల విలువైన సంగీతం, వస్తువులు కొన్నారు. ఆ పద్ధతి తర్వాతి సంవత్సరాల్లోనూ కొనసాగింది, తేదీలను సంస్థే ముందుగా ప్రకటిస్తుంది. ఆ రోజున మీరు పెట్టే డబ్బులో చెల్లింపు ఖర్చు తప్ప మిగిలినదంతా పాడినవారికి, లేదా వారి లేబుల్‌కు వెళుతుంది.